మబ్బు ముందు అందరూ ఒకటే



మన మల్కాజ్‌గిరి మీదుగా హకీంపేట హెలికాప్టర్లు పోతుంటే అందరం కిటికీల దగ్గరికి ఉరుకుతాం. అవి ఎట్ల ఎగురుతాయని అడుగుతాం. ఎప్పుడు ఎగరకూడదని మాత్రం అడగం. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

2009 సెప్టెంబరు 2న పొద్దున ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేటలో హెలికాప్టర్ ఎక్కారు. చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమం మొదలుపెట్టడానికి బయలుదేరారు. కృష్ణానది దాటినాక నల్లమల మీద పెద్ద వాన మబ్బులున్నాయి. తొమ్మిదిన్నర కాకముందే హెలికాప్టర్ కూలిపోయింది. ఆ రోజంతా వెతికారు. విమానాలు వచ్చాయి, పోలీసులు వచ్చారు. అడవి తెలిసిన మా చెంచువాళ్లు కూడా వెతికారు. మరునాడు పొద్దున పావురాలగుట్ట దగ్గర కనపడింది. ముఖ్యమంత్రి గారు, ఇద్దరు అధికారులు, ఇద్దరు పైలట్లు, మొత్తం ఐదుగురు చనిపోయారు. అందరూ ఒక్క పేరే చెప్తారు. మిగిలిన నలుగురి ఇండ్లల్లో కూడా ఏడుపే కదా!

తర్వాత విచారణ కమిటీ వేశారు. గేర్ బాక్స్ ఆయిల్ గురించి హెచ్చరిక వస్తే పైలట్లిద్దరూ ఆ పనిలో పడ్డారని, ఇంతలో హెలికాప్టర్ మబ్బుల్లోకి పోయిందని, అక్కడ గాలి పైనుంచి కిందికి బలంగా తోసిందని కమిటీ చెప్పింది.

అంతకు ముందు 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గారి హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో పడింది. ఆ రోజు కూడా దారి సరిగా కనపడలేదు. మబ్బుకు, మంచుకు ముఖ్యమంత్రి ఎవరో, స్పీకర్ ఎవరో తెలియదు.

"ఆలస్యం అమృతం విషం" అంటారు. "నిదానమే ప్రధానం" అని కూడా అంటారు. రెండూ పెద్దల మాటలే. ఏది ఎప్పుడు పాటించాలి? పరీక్షకు చదివేటప్పుడు మొదటిది. మబ్బు కమ్మినప్పుడు రెండోది. నడిపేవాడు "ఇవ్వాళ వద్దు" అంటే ఎంత పెద్దమనిషైనా దిగిపోవాలి. మీటింగు రేపు పెట్టుకోవచ్చు.

మా అవ్వ బడికి పోలేదు. గడియారం చూడరాదు. కానీ శ్రీశైలం దిక్కు నల్లగా కమ్మితే తేనెకు పోయే మా నాయనను ఆపుతది. "తేనె రేపు కూడా ఉంటది, నువ్వుండాలె గదా" అంటది. మా నాయన ఎదురు చెప్పడు.

మనం హెలికాప్టర్ ఎక్కం. కానీ మనకు వాగులున్నాయి. బడి తెరిచేది వానకాలంలోనే. మనలో చాలామంది ఊర్లకు, పెంటలకు వాగు అడ్డం. ఒక్కరోజు లేటయితే తిడతారని, పేరు తీసేస్తారని భయపడి మెడలోతు నీళ్లలో దిగే పిల్లలున్నారు. వాళ్లను చూసి ధైర్యవంతులని మెచ్చుకుంటాం. నాకు అది నచ్చదు. అది ధైర్యం కాదు, భయం.

టీచర్లకు నా మనవి. వాగు వచ్చి ఆగిపోయిన పిల్లను ఎందుకు లేటని తిట్టకండి. ఆగి మంచి పని చేశావని చెప్పండి. చెల్లెళ్లారా, మీరు కూడా దిగకండి. పోయిన పాఠం టీచర్ మళ్లీ చెప్తారు.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని