బొటనవేలు బొమ్మ ఓటు కాదు

ఇప్పుడు పాల సంఘాలు, కూరగాయలు పండించే రైతుల సంఘాలు చాలావరకు వాట్సప్ గ్రూపు మీదే నడుస్తున్నాయి. పాలబండి ఆలస్యమని, దాణా బస్తాలు దిగాయని, టమాటా రేటు ఇంతని క్షణాల్లో తెలిసిపోతోంది. ఇదివరకు ఈ కబురు కోసం సంఘం ఆఫీసు దాకా పోయి రావాల్సి వచ్చేది. ఇది మంచిదే, కాదనలేం.

చిక్కెక్కడంటే, కబుర్లతో పాటు నిర్ణయాలూ అందులోకే పోతున్నాయి. లీటరుకు ఎంత కోయాలి, మిగులులో బోనసు ఎంత పంచాలి అని రాత్రిపూట ఒక మెసేజి పెడతారు. నలుగురు బొటనవేలు బొమ్మ పెడతారు. తెల్లారేసరికి సభ్యులంతా ఒప్పుకున్నట్టే! మరి బటన్ల ఫోను రైతు సంగతేమిటి? రోజూ పాలు పోసేది ఇల్లాలు, ఫోను మాత్రం కొడుకు జేబులో. ఆమెను అడిగిందెవరు?

రైతు ఉత్పత్తిదారుల కంపెనీల చట్టం ఏం చెబుతోందో గమనించాలి. రైతులే సభ్యులుగా ఉన్నచోట వాటాలు ఎన్ని ఉన్నా ఒకరికి ఒక్కటే ఓటు. మహాజన సభకు కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మొత్తం సభ్యుల్లో నాలుగో వంతయినా రానిదే కోరం లేనట్టే. అరెకరం రైతు మాటకూ విలువ ఉండాలనే ఈ ఏర్పాటు.

ములుకనూరులో సహకార గ్రామీణ బ్యాంకు 1956లో మొదలైంది. అక్కడి మహిళలు 2002లో పాల సహకార సంఘం పెట్టుకున్నారు. అప్పటికి వాట్సప్ పుట్టనేలేదు. సంఘం మనదన్న మమకారం ఫోను తెచ్చిపెట్టేది కాదు. లెక్క తెలిసినప్పుడు, అడిగితే జవాబు దొరికినప్పుడు అదే వస్తుంది.

“సభ పెడితే ఎవరూ రారండీ” అని పాలకవర్గం వారు అంటుంటారు. నాట్ల రోజుల్లో మిట్టమధ్యాహ్నం పెడితే ఎవరొస్తారు? పని తీరిక చూసి, పాలు పోసే వేళకు దగ్గరగా పెట్టండి. జమాఖర్చులు ముందే గ్రూపులో పెట్టండి, పాలకేంద్రం గోడకూ అంటించండి. సభలో చదివి వినిపించండి. చేతులెత్తించి లెక్కపెట్టండి.

రైతు సోదరులారా, అక్కలారా! ఈసారి నోటీసు రాగానే సభకు వెళ్లండి. మిగులెంత, నా వాటా ఎంత అని లేచి అడగండి. వచ్చిన జవాబు తీర్మానాల పుస్తకంలో రాయించండి. మెసేజి తుడిచేస్తే అందులోని మాట మిగలదు. పుస్తకంలో పేజీ చింపితే తెలిసిపోతుంది.