మచ్చకు ముందే సాగే అగ్గి తెగులు: ఎర్రని ప్రతిదీప్తి ప్రోటీన్లు నేర్పే పాఠం

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని అనంతసాగరం మండలంలో పెన్నా నదిపై సోమశిల జలాశయం ఉంది. దాని నీటితో సాగయ్యే పైర్లలో వరి ముఖ్యమైనది. ఈశాన్య రుతుపవనాల కాలంలో మబ్బు పట్టిన పగళ్లు, చల్లని రాత్రులు, ఆకులపై చాలాసేపు నిలిచే మంచు అగ్గి తెగులుకు అనుకూలిస్తాయి. ఆకులపై నూలు కండె ఆకారపు మచ్చలు కనిపించిన తరువాతే రైతు మందు కోసం బయలుదేరడం తరచుగా జరిగేదే. అప్పటికి శిలీంద్రం ఎంత దూరం పోయిందో కంటికి కనిపించదు. ఎర్రని ప్రతిదీప్తి ప్రోటీన్ల సాయంతో శాస్త్రవేత్తలు దానిని చూడగలిగారు.

డిస్కోసోమా అనే పగడపు జాతి సముద్రజీవి నుంచి వేరుచేసిన డీఎస్‌రెడ్ అనే ఎర్రని ప్రోటీను 1999లో వెలుగులోకి వచ్చింది. అది నాలుగు అణువులు కలిసిన గుంపుగా ఉండటం వల్ల జతచేసిన ప్రోటీను సహజ ప్రవర్తనకు ఆటంకమయ్యేది. రోజర్ సియెన్ బృందం 2002లో దీనిని ఒంటరి అణువుగా మలచింది. 2004లో ఎంచెర్రీని రూపొందించింది. ఎంచెర్రీ 587 నానోమీటర్ల వద్ద కాంతిని గ్రహించి, 610 నానోమీటర్ల వద్ద ఎర్రని కాంతిని వెలువరిస్తుంది. దీని జన్యువును శిలీంద్రపు జన్యువుతో జతచేస్తే, ఆ శిలీంద్ర ప్రోటీను ఎక్కడికి వెళ్లినా ఎర్రగా వెలుగుతుంది. ప్రజననంలో వాడే అణు సూచికలు వేరు, ఈ విధమైన అణుస్థాయి గుర్తింపు వేరు అని విద్యార్థులు గ్రహించాలి.

అగ్గి తెగులు శిలీంద్రం స్రవించే ఒక ప్రోటీనుకు ఎంచెర్రీని జతచేసి, అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వరి ఆకు తొడుగు కణాలలో పరిశీలించి 2010లో ఫలితాలను ప్రచురించారు. ఆ ప్రోటీను శిలీంద్రం ఆక్రమించిన కణానికే పరిమితం కాకుండా, శిలీంద్రం ఇంకా ప్రవేశించని పొరుగు కణాలకు కూడా ముందుగానే చేరింది. శిలీంద్రం ఒకటిన్నర రోజులోపే తొలి కణాన్ని దాటడం మొదలుపెడుతుంది. కంటికి కనిపించే మచ్చ ఏర్పడటానికి మాత్రం నాలుగైదు రోజులు పడుతుంది.

ఈ అంతరమే విస్తరణ శాస్త్రవేత్తలకు ముఖ్యం. ట్రైసైక్లజోల్ శిలీంద్రంలో మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. మెలనిన్ లేకపోతే శిలీంద్రం ఆకును ఛేదించుకొని లోపలికి పోలేదు. అంటే ఈ మందు ప్రవేశాన్ని నిరోధిస్తుందే గాని, అప్పటికే లోపలికి చేరిన శిలీంద్రాన్ని నిర్మూలించదు. కాబట్టి మందు పేరు, మోతాదు చెప్పి ఊరుకోవడం చాలదు. సమయం ఎందుకు ముఖ్యమో కూడా వివరించాలి. అలాగని క్యాలెండరు చూసి పిచికారీ చేయించడమూ సరికాదు. బీపీటీ 5204 వంటి తెగులును తట్టుకోలేని రకం, అధిక నత్రజని, మంచు పడే వాతావరణం కలిసినచోట పొలాన్ని దగ్గరగా గమనించి, తొలి మచ్చల దశలోనే నిర్ణయం తీసుకోవాలి. తెగులును తట్టుకొనే రకాల ఎంపికకు, నత్రజనిని దఫాలుగా వేయడానికి ప్రథమ స్థానం ఇవ్వాలి.

ఎర్రని వెలుగును చూసిన వెంటనే నమ్మడమూ తగదు. పత్రహరితం స్వయంగా 680 నానోమీటర్ల ప్రాంతంలో ఎర్రగా వెలుగుతుంది. గుర్తింపు లేని శిలీంద్రం సోకిన ఆకును, తెగులు సోకని ఆకును కూడా పక్కనే పరీక్షించనిదే నిర్ధారణకు రాకూడదు. గుర్తింపు పొందిన శిలీంద్రానికి మూల శిలీంద్రంతో సమానమైన తెగులు కలిగించే శక్తి ఉన్నదో లేదో కూడా చూడాలి. జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవులు 1989 నాటి నిబంధనల పరిధిలోకి వస్తాయి గనుక ఇటువంటి శిలీంద్రం నియంత్రిత ప్రయోగశాల దాటి పొలానికి చేరరాదు.

అందువల్ల పొలం నుంచి నమూనా ప్రయోగశాలకు, అక్కడి నుంచి జ్ఞానం పొలానికి ప్రయాణించాలి. అనంతసాగరం వంటి మండలాలలో సేకరించిన శిలీంద్ర నమూనాలతో, స్థానికంగా పండే రకాలపై ఈ పరిశోధనలు సాగాలి. ఆ చిత్రాలు పరిశోధన వ్యాసాలకే పరిమితం కాకుండా రైతు శిక్షణ తరగతులకూ చేరాలి. మచ్చ కనిపించేలోపే తెగులు కణాలు దాటుతుందని చిత్రంలో చూసిన రైతుకు, తొలి మచ్చ దశలోనే పొలం ఎందుకు చూడాలో వేరుగా నచ్చజెప్పనక్కరలేదు.