దీపం మీద అమ్మమ్మ చీర

పాత పట్టుచీరలు కొంటామని వీధిలో కేక వినపడగానే కొన్ని ఇళ్లలో బీరువా అడుగు అర తెరుచుకుంటుంది. కొనేవాడికి కావలసింది పట్టు కాదు, జరీలోని వెండి. చీర కాలి బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. ఆ గతి తప్పించే దారి ఒకటి చాలాసార్లు అటక మీదే ఉంటుంది. గుడ్డ పసుపుబారి, చిరిగి మూలపడిన ల్యాంప్‌షేడ్! దాని తీగ చట్రం సాధారణంగా బాగానే ఉంటుంది. పోయింది తొడుగే.

మరి ఏ చీరను కోయాలి? బాగున్నదాన్ని మాత్రం కాదు. దీపం వస్త్రాన్ని చూపిస్తూనే తినేస్తుంది. మ్యూజియాలు పాత వస్త్రాల మీద వెలుగును సాధారణంగా 50 లక్సులకు మించనివ్వవు. 400 ల్యూమెన్ల బల్బుకు 10 సెంటీమీటర్ల దూరంలో పడేది 3,000 లక్సులకు పైనే. లోపలి అస్తరు కొంత ఆపినా తేడా తేడాయే. పసుపుతో అద్దిన రంగు త్వరగా వెలిసిపోతుంది. పాత కలంకారీలోనైతే ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసిన నలుపు ఉన్నచోటే నూలు ముందు చివుకుతుంది. అందుకే, ఎలాగూ కట్టుకోవడానికి పనికిరాని చీరే దీపానికి తగినది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడతల వెంటే విచ్చుకుంటుంది. మధ్యలో గట్టిగానే ఉంటుంది. కోయాల్సింది అక్కడే.

కోసేముందు ఆ గుడ్డను వెలిగే బల్బు ముందు పట్టి చూడాలి. పగలు చూసిన చీర, రాత్రి దీపం మీద కనిపించే చీర ఒకటి కాదు. జరీ వెలుగును దాటనివ్వదు. పగలు మిలమిలలాడిన అంచు దీపం వెలగగానే నల్లటి పట్టీ అవుతుంది. బెనారస్ బ్రోకేడ్‌లో వెనకవైపు వదులు పోగులుంటే అవి కూడా నీడలై కనిపిస్తాయి. ఈ పరీక్షలో నెగ్గేది జాందానీ. ఢాకాదైనా, ఉప్పాడదైనా, పల్చటి నేత మాయమై, చేత్తో పేకలో చొప్పించిన పూలు మాత్రం గాలిలో తేలినట్టు నిలుస్తాయి. కట్టుకున్నప్పుడు కూడా అంత స్పష్టంగా కనిపించవేమో.

ఇక పని. నిలువు గోడల షేడ్ తేలిక. వ్యాసం 20 సెంటీమీటర్లయితే చుట్టుకొలత దాదాపు 63. కలిపి కుట్టేందుకు ఇంకో రెండు. పైనా కిందా మడతకు చెరో రెండు సెంటీమీటర్లు వదలాలి. చీరను పొడవు వెంట కోస్తే అంచు షేడ్ అడుగున చుట్టూ తిరుగుతుంది. గోడలు ఏటవాలుగా ఉన్న షేడ్ అయితే అంచు మీద ఆశ వదులుకోవాల్సిందే. పాత షేడ్‌ను న్యూస్‌పేపర్ మీద దొర్లిస్తూ అంచుల వెంట గీస్తే విల్లులాంటి ఆకారం వస్తుంది. దాని ప్రకారమే కోయాలి.

బజారులో దొరికే జిగురు ప్లాస్టిక్ షీటుకు గుడ్డను అతికిస్తే గంటలో పని అయిపోతుంది కానీ, ఆ గుడ్డ మళ్లీ ఊడిరాదు. ఇనుప రింగులకు నూలు నాడా చుట్టి, పాత పంచె ముక్కను అస్తరుగా వేసి, దానికి చీర ముక్కను చేత్తో కుట్టడమే మేలు. పంచె బరువు మోస్తుంది, చీర మీద లాగుడు పడదు. దుమ్ము పడితే కుట్లు విప్పి కుంకుడు రసంలో జాడించవచ్చు. గంజి మాత్రం వద్దు, పురుగు పడుతుంది.

40 వాట్ల పాత బల్బు తాగే కరెంటులో నూటికి 90 వంతులకు పైగా వేడిగానే పోతుంది. దాని పైన పట్టు తొడగడమంటే నిప్పుతో చెలగాటమే. దాదాపు అంతే వెలుగును ఇప్పుడు 5 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది, అతినీలలోహిత కిరణాలు దాదాపు లేకుండా. అయినా గుడ్డ బల్బుకు తగలకూడదు. పసుపు ఛాయ బల్బయితే ఎరుపు, మామిడిపండు రంగులు పండుతాయి. తెల్లటి ఎల్‌ఈడీ కింద అవే పాలిపోతాయి.

కొంగును కోయకపోవడం మంచిది. దాన్ని తెల్లటి నూలు గుడ్డలో చుట్టి, ఏటా మడత మార్చి పెట్టుకోవచ్చు. దీపం మీది ముక్క ఎంత వెలిసిందో పోల్చి చూసుకోవడానికి కూడా అది పనికొస్తుంది.