బొమ్మకు బేరము

కూకట్‌పల్లివారికి చేతిపని కానుక కావలెనన్న దాపుననే మాదాపురమున శిల్పారామము కలదు. 1992లో తలపెట్టిన ఆ ప్రాంగణమున పనివారు తమ సరకును తామే అమ్ముకొనుటకు అంగళ్లున్నవి.

కొండపల్లి బొమ్మను చూడుడు. తెల్లపొణికి కఱ్ఱను తడి పోవునట్లు ఆరబెట్టి, అంగములను వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికించి, సున్నము పూసి, ఆపైన రంగులు దిద్దుదురు. ఇంత పనిని సగము వెలకిమ్మని పట్టుపట్టువారే, అద్దాల అంగడిలో చీటీపై అచ్చైన ధరను మారుమాట లేక చెల్లింతురు. ఇది వింత న్యాయము! బేరము తప్పని కాదు. దళారి వెల పెంచినచోట అది తగినదే. కాని చెక్కినవాడే ఎదుట కూర్చున్నప్పుడు తగ్గిన ప్రతి రూపాయియు అతని కూలినుండియే పోవును. ఆ కూలి చాలకనే పనివారి బిడ్డలు కొందఱు ఉలి విడిచి వేఱు కొలువులు వెదకుకొనుచున్నారు.