అంతరంగ శుద్ధితో నేల బాగుపడుతుందా?

ఆహార వ్యవస్థ బాగుపడాలంటే ముందు మనిషి తన లోపలికి చూసుకోవాలనే వాదం నేడు సభల్లోనూ, కళాశాలల్లోనూ గట్టిగా వినిపిస్తున్నది. అన్నం ముందు ఒక నిమిషం మౌనంగా కూర్చో, మెతుకు వెనుక మట్టిని తలచుకో, దురాశ నశిస్తుంది, భూమి బతుకుతుంది - ఇదీ దాని సారాంశం. ఇందులో సత్యం లేకపోలేదు. కాని అది తలకిందులుగా నిలబడిన సత్యం.

అభిరుచికి కూడా చరిత్ర ఉంది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పలనాటి చాటువులు నేను తరగతిలో చెప్పేటప్పుడు, జొన్నకూటి మీద ఎత్తిపొడుపు రాగానే విద్యార్థులు నవ్వుతారు. జొన్న పేదవాని తిండి అనే తిరస్కారం ఆ నవ్వులో ఉంది. అది ఉత్త మనసులో పుట్టినది కాదు. నీటివసతి ఉన్న పొలం ఎవరిదో వారి కంచంలో వరి అన్నం, మెట్టవానికి జొన్న. 1960ల హరిత విప్లవం ముఖ్యంగా వరి, గోధుమలకు విత్తనమూ, ఎరువూ, కొనుగోలు హామీ సమకూర్చింది. 1983లో వచ్చిన రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది. దాన్ని తక్కువ చేయరాదు. మరి జొన్నకూ, కొర్రకూ అట్టి ఆసరా ఎవరిచ్చారు? మెట్టరైతు వాటిని మానుకొన్నది ఆత్మ మలినమై కాదు, గిట్టక.

ఇక కౌలుదారు సంగతి. పచ్చిరొట్ట వేసి, పశువుల ఎరువు తోలి నేల సత్తువ పెంచడానికి ఏళ్ళు పడుతుంది. నోటిమాట కౌలు ఏడాదికే. ఈ ఏడు తాను బాగుచేసిన చేను వచ్చే ఏడు మరొకడు దున్నుతాడని తెలిసినవాడు యూరియా చల్లక ఏం చేస్తాడు? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా యజమాని ఒప్పంద పత్రం రాసిస్తేనే, అదీ పదకొండు నెలలకే, కౌలుదారుకు కార్డు ఇవ్వజూపింది. ఇక్కడ ఆత్మపరిశీలన చేసుకోవలసినవాడెవడు? కౌలుదారా, సంతకం పెట్టని యజమానా?

అయితే చైతన్యం అక్కరలేదా, శాసనం ఒక్కటే చాలునా అని అడగవచ్చు. చాలదు. శ్రీలంక ప్రభుత్వం 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క ఆజ్ఞతో నిషేధించి, రైతులు వీధికెక్కగా ఆ ఏడు నవంబరులోనే వెనక్కు తగ్గింది. సేద్యం చేసేవానిని అడగని శాసనం నిలవదు.

కావలసిన చైతన్యం వేరు. జహీరాబాదు ప్రాంతంలో 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత స్త్రీలు బీడు నేలలను సాగులోకి తెచ్చారు. జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి విత్తారు. విత్తనం తమ ఇండ్లలోనే దాచుకొన్నారు. సంఘం గింజలు నిలవచేసి లేనివారికి తక్కువ ధరకు అందించారు. వారి వివేకం కళ్ళు మూసుకొంటే వచ్చినది కాదు. నలుగురూ ఒకచోట కూర్చొని, ఊళ్ళో ఎవరింట ఎంత లేమి ఉందో లెక్కగట్టినప్పుడు వచ్చినది.

కనుక విద్యార్థి మిత్రులకూ, తోటి అధ్యాపకులకూ నేను చెప్పేదొక్కటే. యజమాని దయతో పనిలేని గుర్తింపు కౌలుదారుకు కావాలి. చిరుధాన్యాలకు ఖాయమైన కొనుగోలు కావాలి. మన హాస్టళ్ళ కంచాల్లోకి జొన్నరొట్టె రావాలి. వీటికై నిలబడని ఆత్మపరిశీలన ఎంత లోతైనదైనా, కడుపు నిండినవాని తీరిక మాత్రమే.