బోనస్ పైసలతో ఏ డబ్బా మార్చాలి?

దీపావళి బోనస్ చేతికొచ్చే దినాలివి. మన సోలాపూర్‌లో ఈ దినాల్లో నా రిపేరు బల్ల దగ్గర వినపడే మాట ఒక్కటే. "అన్నా, ఇంట్లో పాటల సెట్ మంచిగ మోగుతలేదు. ఆంప్లిఫయర్ మార్చాల్నా, స్పీకర్లు మార్చాల్నా?" ఒక్కొక్కరికి చెప్పేకంటే ఈ నెల ఇక్కడే రాస్తున్నాను.

ఏదైనా కొనేముందు తప్పు ఎక్కడుందో కనిపెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక పక్క గరగర వస్తుందనుకోండి. సెట్ బంద్ చేసి, ఆంప్లిఫయర్ వెనక కుడి, ఎడమ స్పీకర్ల వైర్లు ఒకదాని చోట ఒకటి పెట్టండి. మళ్లీ చాలూ చేసి వినండి. గరగర అదే స్పీకర్‌లో ఉంటే తప్పు స్పీకర్‌ది, లేకుంటే దాని వైరుది. రెండో స్పీకర్‌లోకి పోతే స్పీకర్లు మంచివే. అప్పుడు పాట లోపలికి వచ్చే ఎర్ర, తెల్ల పిన్నులు కూడా అట్లనే మార్చి చూడండి. గరగర మళ్లీ పక్క మారితే తప్పు పిన్ను వైరుదో, డీవీడీదో. మారకుంటే ఆంప్లిఫయర్‌ది.

బాస్ అసలే లేకపోతే ఎర్ర, నల్ల వైర్లు చూడండి. ఒక స్పీకర్‌కు అవి ఉల్టా పడితే, ఒక కోన్ ముందుకొచ్చేటప్పుడు రెండోది వెనక్కి పోతుంది. ఒకదాని బాస్‌ను ఇంకొకటి మింగేస్తుంది. సరిచేయడానికి ఐదు నిమిషాలు చాలు.

తప్పేమీ లేదు, ఇంకా మంచిగా వినాలి అంటే నా సలహా స్పీకర్లే. పాట రూపం ఎక్కువగా మారేది అక్కడే. ఆంప్లిఫయర్ వాట్స్ రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు పదింతల వాట్స్ కావాలి. స్పీకర్ వెనక సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. 86 ఉన్నదాని బదులు 89 ఉన్నది తెచ్చుకుంటే, వాట్స్ రెండింతలు చేసినంత పని ఊరికే అవుతుంది. డబ్బా మీద పెద్దగా రాసే పీఎంపీఓ వాట్స్ చూసి మోసపోవద్దు. ఆర్ఎంఎస్ ఎంతో అడగండి. ఓమ్స్ కూడా చూడండి. 8 ఓమ్స్‌కు చేసిన ఆంప్లిఫయర్‌కు 4 ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే అది వేడెక్కి కాలిపోవచ్చు.

పాత స్పీకర్ కోన్ అంచుకున్న ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే స్పీకర్ పారేయకండి. కాయిల్ బాగుంటే అంచు ఒక్కటే మార్పిస్తే చాలు.

మూలకు నెట్టిన స్పీకర్ గుమగుమ అంటుంది. గోడ నుంచి ఒక అడుగు ముందుకు జరిపి, కూర్చున్న మనిషి చెవి ఎత్తున పెట్టండి. గదిలో చప్పట్లు కొడితే టంగుమని మోగుతోందా? మడతపెట్టిన పరుపులు, బొంతలు ఎదురు గోడ దగ్గర పేర్చండి. మన ఇండ్లలో వాటికి కరువు లేదు.

ఇప్పుడు అసలు మాట. కార్ఖానాలో ముప్పై, నలభై ఏండ్లు మగ్గాలు నడిపిన పెద్దమనుషులు సెట్ తెచ్చి, "మాట సాఫ్ వస్తలేదు, పెద్ద ఆంప్లిఫయర్ పెట్టు" అంటారు. పెట్టి చూస్తే సెట్ బాగానే ఉంటుంది. వెంట వచ్చిన బిడ్డనడిగితే, "నాయిన ఆవాజ్ పెంచుతనే ఉంటడు, పక్కింటోళ్లతో రోజూ కొట్లాట" అంటుంది.

మగ్గాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. పక్కనున్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తుందంటే చెవికి దెబ్బ తగులుతున్నట్టే. మొదట పోయేది 4000 హెర్ట్జ్ దగ్గరి సన్న శబ్దం. స, శ, త, క లాంటి అక్షరాలు తెలిసేది ఎక్కువగా అక్కడే. అందుకే ఆ పెద్దమనిషికి పాట వినపడుతుంది, మాట అర్థం కాదు. లోపలి చెవిలో చచ్చిన కణాలు తిరిగి పుట్టవు. ఏ ఆంప్లిఫయర్ దాన్ని బాగుచేయదు. ఆవాజ్ పెంచితే ఉన్న చెవి కూడా పోతుంది.

అలాంటి ఇంట్లో సెట్ కొనకముందు పెద్దాయన్ని చెవి డాక్టర్ దగ్గరికి తోలుకపోండి. ఆడియోమెట్రీ పరీక్ష అడగండి. నొప్పి ఉండదు, సూది ఉండదు. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లు అక్కడే అడగొచ్చు. చప్పుడుతో వచ్చే చెవుడు చట్టంలో వృత్తి రోగంగా రాసి ఉంది. ఇది ముసలితనం అని ఊరుకునే విషయం కాదు. పనివల్ల వచ్చిన దెబ్బ. పరీక్ష కాగితం జాగ్రత్తగా దాచిపెట్టండి.

షెడ్డుకు పోయే కొడుకులకు, కోడళ్లకు ఒక మాట. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు అన్నిటికంటే చవక సామాను. బోనస్‌లో మొదటి ఖర్చు వాటికి పెట్టండి, తర్వాత స్పీకర్లకు. ఆంప్లిఫయర్ సంగతి వచ్చే ఏడు చూద్దాం.