పదో గడి దాకా గుప్పెడే

“మూడు ఎపిసోడ్లు చూశానండీ, ఇంకా ఏమీ జరగలేదు.” సైన్స్ ఫిక్షన్ సిరీస్ గురించి మన గోదావరి వైపు ఎవరిని కదిపినా మొదట వినబడే మాట ఇది. అన్నవాళ్ళను తప్పుపట్టడానికి లేదు. వాళ్ళ ఓపికను ఏళ్ళ తరబడి డైలీ సీరియళ్ళు వాడుకున్నాయి. అత్తగారు కోడల్ని చెంపదెబ్బ కొడుతుంది. ఆ దెబ్బను మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపిస్తారు. హాల్లో నిలబడ్డ బంధువర్గం ముఖాల మీదికి కెమెరా వరసగా వెళ్తుంది, ఒక్కో ముఖానికీ ఒక్కో ఉరుము. ఈలోగా అరగంట అయిపోతుంది. మర్నాడు మళ్ళీ ఆ దెబ్బ దగ్గరే మొదలు. ఇదంతా భరించినవాళ్ళకు నిదానంగా నడిచే కథ ఏదైనా సాగదీతలాగే కనబడుతుంది.

నిదానానికీ సాగదీతకూ లెక్కలోనే తేడా ఉంది. ఆ లెక్క మన జిల్లా కథకుడి దగ్గరే దొరుకుతుంది.

పొలమూరులో 1891లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘వడ్లగింజలు’ చాలా పెద్ద కథ. శంకరప్ప అనే చదరంగం ఆటగాడు పెద్దాపురం ప్రభువుతో ఆడాలని సంస్థానానికి వస్తాడు. శ్రీపాదవారి కథలన్నిటిలాగే ఇదీ చాలావరకు మాటల మీద నడుస్తుంది. కథకు పేరు తెచ్చిన లెక్క పాతదే. చదరంగం బల్ల మీద మొదటి గడికి ఒక వడ్లగింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా 64 గళ్ళకూ రెట్టింపు చేసుకుంటూ పోవాలి. పది గళ్ళు నిండేసరికి మొత్తం 1,023 గింజలు, అంటే గుప్పెడు. ఇచ్చేవాడికి నవ్వొస్తుంది. 20 గళ్ళయ్యేసరికి పది లక్షలు దాటుతాయి. 64వ గడి దగ్గర మొత్తం 20 అంకెల సంఖ్య అవుతుంది. డెల్టాలో ఆనకట్ట కట్టిన నాటి నుంచి పండిన ధాన్యమంతా తెచ్చి పోసినా చాలదు. లెక్కల పుస్తకంలో ఇది ఒక వింత. శ్రీపాద కథలో మాత్రం ఆ గింజల వెనక ఒక విద్వాంసుడి అభిమానం ఉంది. అడిగేవాడెవడో, ఇవ్వాల్సినవాడెవడో బాగా తెలిశాకే అంకె మన ముందుకొస్తుంది.

డైలీ సీరియల్ గడికి ఒక్క గింజే వేస్తుంది. వెయ్యి ఎపిసోడ్లకు వెయ్యి గింజలు. మంచి సిరీస్ కూడా మొదట్లో అంతకంటే ఎక్కువేమీ పెట్టినట్టు కనబడదు. కానీ పాత్ర మీద నిన్న పడ్డ బరువును అది మర్చిపోదు. ఇవాళ అదే బరువును రెండింతలు చేసి మళ్ళీ అదే భుజం మీద పెడుతుంది.

విన్స్ గిల్లిగన్ ‘ప్లూరిబస్’ 2025 నవంబరులో ఆపిల్ టీవీలో మొదలైంది. అంతరిక్షం నుంచి అందిన ఒక సంకేతం పుణ్యమా అని భూమ్మీద మనుషులంతా ఒకే మనసైపోతారు. పట్టుమని పదిహేను మంది కూడా విడిగా మిగలరు. వాళ్ళలో ఒకతె కేరొల్, ప్రేమ నవలలు రాసుకునే చిరచిరలాడే మనిషి. మూడో ఎపిసోడ్‌లో ఆమె సరుకుల కోసం తనకు అలవాటైన కొట్టుకు వెళ్తుంది. అలమరలన్నీ ఖాళీ. అందరిదీ ఒకే మనసయ్యాక కొట్టుతో ఎవరికీ పనిలేదు, సరుకంతా ఒకచోట పోగేసి పంచుకుంటున్నారు. నా కొట్టు నాకు కావాలని ఆమె మొండికేస్తుంది. లారీలు బారులు తీరతాయి. మాటా పలుకూ లేకుండా జనం దిగి పళ్ళు, కూరలు, డబ్బాలు ఎక్కడివక్కడ సర్దేసి వెళ్ళిపోతారు. వాళ్ళ శక్తి ఎంతటిదో మనకు అర్థమవడానికి ఆ కొట్టు చాలు. అంత సరుకు మధ్య కేరొల్ ఎంత ఒంటరిదో కూడా అక్కడే తెలుస్తుంది. తర్వాత ఆమె కోపంలో వెటకారంగా గ్రెనేడ్ కావాలంటుంది. అదీ తెచ్చి చేతిలో పెడతారు. చివరికి అణుబాంబు అడిగితే ఇస్తారా అని ఆరా తీసే దాకా వెళ్తుంది. కూరగాయలతో మొదలైన కోరిక ఒక్క ఎపిసోడ్‌లో అక్కడికి చేరింది. ఏమీ జరగలేదన్న ప్రేక్షకుడు చూసింది కొట్టు సర్దుడొక్కటే. గడులు దాటిపోతున్న సంగతి గమనించలేదు.

సైన్స్ ఫిక్షన్‌కు ఈ పద్ధతి మరీ అవసరం. కాలయంత్రమో గ్రహాంతర సంకేతమో ఎవడి బతుకు మీద పడిందో తెలియకపోతే అది పత్రికలో వార్తతో సమానం. మనవాళ్ళకు ఇది తెలియక కాదు. 2022లో శ్రీ కార్తీక్ తీసిన ‘ఒకే ఒక జీవితం’లో కొడుకు కాలయంత్రం ఎక్కేది పోయిన అమ్మను మళ్ళీ చూడటానికి. అంతకు ముందు ఏడాది పవన్ కుమార్ దర్శకత్వంలో ‘ఆహా’లో వచ్చిన ‘కుడి ఎడమైతే’ 8 ఎపిసోడ్ల సిరీస్. అందులో ఒకే రోజు మళ్ళీ మళ్ళీ వచ్చిపడుతుంటుంది. ఆ సంగతి పోలీసు అధికారి దుర్గకూ, డెలివరీ కుర్రాడు ఆదికీ మాత్రమే తెలుసు. రోజు ఎటూ మారదు కాబట్టి వాళ్ళిద్దరూ మారాలి. ఆ కట్టుబాటే రచయితను పాత్రల దగ్గర కూర్చోబెట్టింది. ఆ దారిలో నడిచినవాళ్ళు తర్వాత పెద్దగా కనబడలేదు.

విడతల కథ మనకు కొత్త విద్య కూడా కాదు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో విడతలుగానే వెలువడింది. ధవళేశ్వరంలో మొదలయ్యే ఆ కథలో ఒక కలిగినింటి గృహస్థు పొగడ్తలకూ, బంగారం చేస్తానన్న బైరాగి మాటలకూ లొంగి ఇంటిని గుల్ల చేసుకుంటాడు. దొంగ శాస్త్రం ఒక సంసారాన్ని ఎలా తినేస్తుందో చెప్పిన కథ అది.

నిదానమంతా గొప్పదని మేం అనడం లేదు. మసక వెలుతురు వసారాలు, కిటికీలోంచి ఎటో చూసే కథానాయిక, వెనక వయొలిన్, ఇవి చూపించి లోతు ఉందని నమ్మించే సిరీస్‌లు బయట కూడా బోలెడు. వాటిని పట్టుకోవడానికి ఒక పరీక్ష చాలు. మధ్యలో ఒక ఎపిసోడ్ ఎత్తేసి చూడండి. చివర్లో ఆ మనిషి తీసుకునే నిర్ణయం అప్పుడూ అంతే సబబుగా అనిపిస్తే, ఆ ఎపిసోడ్ సాగదీతే.

డబ్బు లేదని, గ్రాఫిక్స్ మనవల్ల కాదని నిర్మాతలు వెనకాడుతున్నారు. కేరొల్ కొట్టుకు కావలసినవి లారీలు, కూరలు, ఒక మంచి నటి. మన దగ్గర అంతకంటే పెద్ద సరంజామానే ఉంది. 1995 జనవరిలో కోనసీమలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి నుంచి ఎగసిన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. సినిమా అయితే ఆ పేలుడుతో మొదలుపెడుతుంది. సిరీస్ రాసేవాడు పదిహేనో రోజు దగ్గర మొదలుపెట్టవచ్చు. చీకటి పడని ఊళ్ళో చంటిపిల్లను ఎలా నిద్రపుచ్చాలి? వదిలి వచ్చిన పాడిగేదె సంగతేమిటి? బంధువుల ఇంట్లో ఎన్నాళ్ళని తలదాచుకోవాలి? ఆ తర్వాత, భూమి అడుగు నుంచి వచ్చింది ఒక్క గ్యాసేనా అని అడగనివ్వండి. అప్పటికి ఆ ఇంటివాళ్ళు మనకు తెలిసినవాళ్ళయి ఉంటారు కాబట్టి, ఆ ప్రశ్న వాళ్ళ కోసం భయపెడుతుంది.

ఇలా రాయాలంటే మొదటి గింజ వేసేనాటికే చివరి గడిలో ఏముందో రచయితకు తెలిసి ఉండాలి. ఇవాళ పొద్దున సీను రాసి మధ్యాహ్నం సెట్టుకు పంపే పద్ధతిలో అది కుదిరే పని కాదు. ఎపిసోడ్లన్నీ రాయడం పూర్తయ్యాకే షూటింగ్ మొదలుపెట్టాలి, రాసినన్నాళ్ళూ రచయితకు జీతం ఇవ్వాలి. తెలుగులో మంచి సైన్స్ ఫిక్షన్ సిరీస్ కావాలనేవాళ్ళు ముందు పెట్టాల్సిన ఖర్చు అదే.